మందు చీటీ, మిషను, చదువుకునే ఆడపిల్ల



మీ మనిషి మంచం మీద ఉన్నప్పుడు ఎక్కువ మాటలు వినే ఓపిక మీకు ఉండదు. కాబట్టి ఒక్క విషయమే మాట్లాడతాను.

మన ఉప్పునుంతల చుట్టుపక్కల పల్లెల నుంచి నాయనమ్మనో తాతనో ఆసుపత్రిలో చేర్పించినప్పుడు, దగ్గర ఉండడానికి చాలా ఇళ్లు ఎనిమిదో తొమ్మిదో తరగతి చదివే ఆడపిల్లను పంపుతున్నాయి. నాయన కూలికి పోవాలి, అమ్మ చేను వదిలి రాలేదు. "పిల్లకు చదువొస్తది, చీటీ చూస్తది, ఫోను చేస్తది" అంటారు. నాలుగు రోజులు అనుకున్నది నెల అవుతుంది. పరీక్షలు పోతాయి. ఆ తర్వాత "ఇంకేం బడికి పోతది" అని పెళ్లి మాట మొదలవుతుంది. ఇంట్లో ఒకరి జబ్బు నయమైంది గానీ ఇంకొకరి చదువు ఆగిపోయింది. ఇలా జరగకూడదు.

వైద్యం మన దగ్గరికి చాలా వచ్చింది. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మొదలైంది. ఆరోగ్యశ్రీ 2007లో ముందుగా మొదలైన మూడు జిల్లాల్లో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షల రూపాయలు. నాగర్‌కర్నూలులో 2022 నవంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. నేను నర్సింగు డిప్లొమా చదివే రోజుల్లో పాదరసం బి.పి. పరికరం కట్టి, స్టెతస్కోపుతో శబ్దం వినడం నేర్చుకోవడానికే చాలా రోజులు పట్టేది. ఇప్పుడు మీ ఇంట్లోనే బటన్ నొక్కితే అంకె కనబడుతుంది.

అయితే మిషను అంకె మాత్రమే చెబుతుంది. ఆ అంకె చూసి ఏం చేయాలో ఇంటివారికి తెలియాలి. 108కు ఊరు, గుర్తు సరిగా చెప్పాలి. ఆరోగ్యశ్రీకి కార్డులు, పాత రిపోర్టులు తీసి ఇవ్వాలి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఏడేళ్లు దాటినవారిలో చదవడం రాయడం వచ్చినవారు 2001లో నూటికి సుమారు 44 మంది, 2011లో సుమారు 55 మంది. అందుకే చదువు వచ్చిన ఆ ఒక్క పిల్ల మీద ఇల్లంతా ఆధారపడుతోంది.

చదువు రాకపోతే పెద్దవాళ్లు వైద్యంలో సాయం చేయలేరా? చేయగలరు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, ఎలా తాగించాలో రోగుల బంధువులకే చూపించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు నాలుగు కంటే తక్కువకు వచ్చాయి. ఆ బంధువులు మీలాంటివారే. ఎవరైనా ఓపికగా చూపించారు, వారు నేర్చుకున్నారు. మీరూ నేర్చుకోగలరు. ఇవి నేర్చుకోండి:

1. మందులు: పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మాత్రలను వేర్వేరు కవర్లలో పెట్టి, సూర్యుడి బొమ్మ, గిన్నె బొమ్మ, చంద్రుడి బొమ్మ వేయించుకోండి. ఇంటికి వెళ్లేముందు ఏది ఎప్పుడు వేయాలో మీరే సిస్టరుకు తిరిగి చెప్పండి. తప్పు చెబితే మేము కోప్పడము, సరిదిద్దుతాము.

2. బి.పి. మిషను: టీ, బీడీ తాగిన అరగంట లోపు చూడకండి. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో పెట్టి చూడండి. అంకె పదే పదే 140/90 లేదా అంతకంటే ఎక్కువ వస్తే చూపించుకోండి. అంకె బాగుందని మాత్రలు మానేయకండి. మాత్రల వల్లనే అది బాగుంది.

3. షుగరు: షుగరు మందు వాడేవారికి చెమటలు, వణుకు, మాట తడబాటు వస్తే, తెలివిలో ఉంటే వెంటనే చక్కెర నీళ్లు తాగించండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, 108కు ఫోను చేయండి.

4. పాముకాటు: కోయవద్దు, గట్టిగా కట్టవద్దు, మంత్రాల కోసం ఆగవద్దు. కరిచిన చేయి లేదా కాలు కదలకుండా ఉంచి, పాము విరుగుడు ఇంజెక్షను ఉండే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పామును వెతికి చంపుతూ ఆలస్యం చేయకండి.

5. 108: ఊరు, మండలం, దగ్గరలోని గుడి లేదా చర్చి లేదా బడి చెప్పండి. ఒకరు రోడ్డు మీద నిలబడండి.

ఫోనులో వచ్చిన వీడియో చూసి మందు మార్చకండి. దాన్ని మాకు చూపించి అడగండి.

ఇవి ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లకు వస్తే చాలు, పిల్ల బడికి తిరిగి వెళ్లవచ్చు. ఆదివారం వచ్చి కవర్ల మీద బొమ్మలు వేసి, నాయనమ్మకు రిపోర్టు చదివి వినిపించి, సోమవారం బడిలో కూర్చోవచ్చు. రోగి దగ్గర పెద్దవాళ్లు వంతులు వేసుకోండి. పిల్లకు పరీక్షలుంటే మాకు ముందే చెప్పండి, ఆ రోజుల్లో ఎవరు ఉంటారో కలిసి చూద్దాం.

ఇప్పటికే బడి మానేసి ఉంటే ఆలస్యం చేయకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను ప్రభుత్వ బడి చేర్చుకోవలసిందే. ఇలా చదువు ఆగిన ఆడపిల్లల కోసమే 2004 నుంచి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు వచ్చాయి. అక్కడ ఉండడం, భోజనం కూడా ఉచితం. 18 ఏళ్లు నిండని పిల్లకు పెళ్లి చేయడం చట్ట ప్రకారం నేరం. అలాంటి మాట వినిపిస్తే 1098కు చెప్పవచ్చు.

ఈ రోజు మంచం పక్కన కూర్చున్న మీ పిల్లను ఏ తరగతి చదువుతున్నావని మేము తప్పకుండా అడుగుతాము. ఆ పిల్ల తలవంచుకోకుండా జవాబు చెప్పేలా చూడండి. రేపు ఇదే వార్డులో సిస్టరుగా నిలబడగలిగేది అలాంటి పిల్లే.

మీ మనిషి త్వరగా కోలుకోవాలని కోరుకుంటూ,

మీ వార్డు సిస్టరు