పంటి తొడుగు



2023వ సంవత్సరము సంక్రాంతి మఱునాడు, కమాన్‌పూరులోని మా యింటి అరుగుపై కూర్చుండి సకినము కొఱుకుచుండగా, నా ఎడమ క్రింది దవడపన్ను ఒకటి రెండు చెక్కలయ్యెను. అందఱును సకినమును నిందించిరి. తప్పు సకినముది కాదు, నాది. ఆ సంగతియే నేడు మీకు మనవి చేయదలచితిని.

అంతకు ఎనిమిది నెలల ముందు ఆ పంటికే పోటు పుట్టెను. రెండు రాత్రులు లవంగము నొక్కిపెట్టి గడపి, మూడవనాడు బస్సెక్కి గోదావరిఖనికి పోయితిని. అచటి దంతవైద్యురాలు పుప్పి లోపలి నరము దాక పోయినదని ఎక్స్‌రేలో చూపి, చెడిన భాగమును తీసివేసి, వేళ్ల కాలువలను శుభ్రపఱచి మందుతో పూడ్చెను. దీనినే రూట్ కెనాల్ అందురు. "సారూ, నొప్పి పోయిందని ఊకోకుండ్రి, మళ్ల రాండ్రి, క్యాపు ఎయ్యాలె" అని ఆమె గట్టిగా చెప్పెను. కొలది దినములకు నొప్పి మాయమయ్యెను. నొప్పి పోయిన పిమ్మట వైద్యుని తలచువారెవరు? నాట్లు వచ్చెను, బతుకమ్మ వచ్చెను, దసరా వచ్చెను. నేను మాత్రము పోలేదు. తుదకు పన్ను విఱిగినపుడు చీలిక వేరు దాక దిగినది. ఇక తొడుగునకు ఆధారమే లేదని పీకివేసిరి.

అట్టి పన్ను ఏల విఱుగును? పుప్పి తిన్నంత పోగా, లోనికి దారి చేసికొనుటకు వైద్యులు మఱికొంత తీయుదురు. మిగులునవి చుట్టు గోడలు మాత్రమే. దవడపండ్లపై నమలునపుడు పడు బరువు మిక్కుటము. దానికి ఆ గోడలు వెలుపలికి నెట్టబడి చీలును. ఎడ్లబండి చక్రమునకు వేడి ఇనుపపట్టా తొడిగి బిగించుట మనమందఱము చూచినదే. పంటి తొడుగు చేయు పనియు అదియే. ఇంగ్లీషువారు దీనికి కిరీటమను అర్థము వచ్చునట్లు క్రౌను అని పేరిడిరి. మన ఊళ్లలో క్యాపు అనుటయే సరిగా నున్నది. ఏలికల అలంకారము కాదిది, చెక్కలు వీడకుండ కట్టిన కట్టు.

సుశ్రుతాచార్యుడు నోటి రోగములు 65 అని లెక్కించి, అందు క్రిమిదంతమును చేర్చెను. పురుగు పన్ను తినుననుట నేటి శాస్త్రమునకు సమ్మతము కాదు. కంటికి కానరాని సూక్ష్మజీవులు తీపిపదార్థములను ఆమ్లముగా మార్చగా, ఆ ఆమ్లము పంటిపైని గట్టిపొరను కరగించును.

మఱుసటి యేడు కుడివైపు పన్నొకటి బీటవాఱెను. ఈ మాఱు జాగు చేయలేదు. మొదటి దినమున చిగురుకు మత్తుసూది వేసిరి, చీమ కుట్టినట్లుండెను. పిదప యంత్రముతో పన్ను పైనను చుట్టును ఇంచుమించు ఒకటి రెండు మిల్లీమీటర్లు అరగదీసిరి. చప్పుడు భయంకరమే కాని నొప్పి లేదు. "నొప్పి పెడితే చెయ్యి లేపుండ్రి" అని ఆమె ముందే చెప్పినది. నేను భయపడి రెండు మాఱులు ఊరకయే లేపితిని! తరువాత మెత్తని ముద్దతో పంటి అచ్చు తీసిరి. అప్పుడు వాంతి వచ్చునట్లుండును. ముక్కుతో మెల్లగా ఊపిరి తీసికొనవలెను. కొన్ని చోట్ల ఇప్పుడు అచ్చునకు బదులు చిన్న కెమెరాతోనే పని జరుపుచున్నారు. అచ్చు ప్రకారము తొడుగు తయారై వచ్చుటకు ఒకటి రెండు వారములు పట్టును. అంతవఱకు తాత్కాలికపు తొడుగు నుండును. ఆ ప్రక్కన నువ్వులుండ నమలరాదు.

రెండవ దినమున తొడుగు నమర్చి, రంగుకాగితము కొఱికించి, ఎత్తు సరిచూతురు. ఇచట మొగమాటము పనికిరాదు. ఆవగింజంత ఎత్తు తగిలినను చెప్పవలెను. నేను మూడు మాఱులు చెప్పితిని, ఆమె మూడు మాఱులు సరిచేసెను. పిమ్మటనే అంటించిరి.

తొడుగులలో లోహపువి, లోహముపై పింగాణి పోసినవి, జిర్కోనియావి కలవు. 1889లోనే డెట్రాయిట్ నగరపు చార్లెస్ లాండ్ అనువాడు పింగాణితో పండ్లను బాగుచేయు పద్ధతికి పేటెంటు పొందెను. ఏది వేయుదురో, వెల యెంతో ముందే అడుగుడు. మధుమేహమున్నను, రక్తము గడ్డకట్టకుండ మాత్రలు వాడుచున్నను మొదటనే తెలుపుడు. ఆ మాత్రలను మీ యంతట మీరు మానవలదు.

తొడుగు పుచ్చదు గాని, దాని అంచు క్రింది పన్ను పుచ్చును. బొగ్గుపొడితోను ఇటుకపొడితోను పండ్లు తోముట మన యూళ్లలో పాత అలవాటు. అది పంటిని అరగదీయును. గనిలోపల బీడీ నిషిద్ధము గనుక పొగాకు దవడన పెట్టుకొను వాడుకయు కలదు. దానివలన చిగుళ్లు చెడును, నోటి పుండు వచ్చు భయము వేఱు. మెత్తని బ్రష్షుతో చిగురు అంచు శుభ్రపఱచుకొన్నచో తొడుగు పది పదునైదేండ్లు, కొందఱికి అంతకు మించియు నిలుచును. కొన్ని దినములు చల్లనిది తగిలిన జివ్వుమనుట సహజము. వాపుగాని జ్వరముగాని కలిగిన జాగు చేయరాదు.

నా ఎడమవైపు సందు ఇంకను అట్లే యున్నది. దాని మీది పన్ను క్రిందికి దిగుచున్నదట. వచ్చు వారము మరల గోదావరిఖనికి పోవలసియున్నది. మా యింట ఇప్పుడు నాకు సకినములు పాలలో నానవేసి పెట్టుచున్నారు.