చేయి మారిన గద

మన పిల్లల్లో యానిమేషన్ నేర్చుకుంటున్నవారికి తప్పక ఎదురయ్యే ఒక చిక్కు గురించి చెబుతాను.

భీముడు గదను కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకోవాలి. మాయా సాఫ్ట్‌వేర్‌లో గదను కుడిచేతి కిందకు చేర్చేస్తే షాటంతా అది ఆ చేతిదే. అందుకని గదను ఎవరి కిందా పెట్టకుండా, పేరెంట్ కన్‌స్ట్రెయింట్‌తో రెండు చేతులకూ ముడివేస్తాం. ఒక్కో ముడికి ఒక వెయిట్. 40వ ఫ్రేములో కుడి 1, ఎడమ 0. 41లో కుడి 0, ఎడమ 1. చేతులు విడిపోతున్నా పది ఫ్రేములపాటు నెమ్మదిగా మార్చారా, గద త్రిశంకుడిలా మధ్యలో వేలాడుతుంది.

అసలు కిటుకు ముడివేసే సమయంలో ఉంది. మెయింటెయిన్ ఆఫ్‌సెట్ పెట్టినప్పుడు, ఆ క్షణాన గద ఏ చేతికి ఎంత దూరంలో, ఏ వంపులో ఉందో అదే గుర్తుంచుకుంటుంది. కనుక రెండు చేతులూ గదను పట్టుకున్న 40వ ఫ్రేములోనే ముడివేయాలి. ఎడమచేయి నడుంమీద ఉండగా వేస్తే మార్పిడిలో గద ఎగిరి గెంతుతుంది. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కదానిలో గెంతినా చాలు, అది నాటకంలో అట్టగదేనని చూసేవాళ్లకు తెలిసిపోతుంది!

మాయా కొనక్కర్లేదు. ఉచితంగా దొరికే బ్లెండర్‌లో చైల్డ్ ఆఫ్ కన్‌స్ట్రెయింట్‌తో ఇదే పని చేయవచ్చు; అక్కడ ఆ ఫ్రేములో నొక్కాల్సింది సెట్ ఇన్వర్స్.