కణములను పరుగెత్తించు యంత్రములు



కృష్ణకాలువల నీటితో సేద్యము చేయు మన సీమవారికి నేడు నేను చెప్పబోవు విషయము మొదట దూరపుదిగా తోచవచ్చును. అయినను కాలువను, గట్టును, లాకును ఎరిగినవారికి దీని మర్మము సులభముగనే బోధపడగలదు. ఈ జగత్తులోని పదార్థమంతయు ఎట్టి మూలకణములతో కూడియున్నదో తెలియుటకై శాస్త్రజ్ఞులు పరమాణువుకంటెను సూక్ష్మమైన కణములను మహావేగమున పరుగెత్తించి, ఒకదానితో నొకటి ఢీకొనునట్లు చేయుదురు. ఆ పనిచేయు యంత్రముల నిర్మాణములోని చిక్కులే నేటి ప్రసంగవిషయము.

1931లో అమెరికాలోని బర్క్లీ నగరమున లారెన్సు పండితుడు తన శిష్యుడగు లివింగ్‌స్టనుతో కూడి నడిపిన మొదటి సైక్లోట్రాను అరచేతిలో ఇమిడెడిది. జెనీవా నగరము చెంత, సుమారు 100 మీటర్ల లోతున, సొరంగములో 2008లో తొలిసారి నడచిన యంత్రము చుట్టుకొలత 27 కిలోమీటర్లు. గుడ్లవల్లేరునుండి బందరు పోవు దూరమునకు ఇది రమారమి సమానము. అరచేతి వస్తువు ఇంతగా పెరుగనేల?

ఎడ్లను అదలించి బండిని వేగముగా తోలుట అందరికి చేతనగును. అదే వేగముతో ఇరుకు మలుపు త్రిప్పుట చేతకాదు. కణముల సంగతియు నట్టిదే. వానిని వంచునవి అయస్కాంతములు. అయస్కాంతబలమునకు హద్దు కలదు గనుక, వేగముతో శక్తి హెచ్చినకొలది మలుపును విశాలము చేయక తప్పదు. అందును ఎలక్ట్రానులు మలుపు తిరుగునపుడెల్ల వెలుగును వెదజల్లి శక్తిని కోలుపోవును. అదే వలయములో వాని శక్తిని రెండింతలు చేసినచో, ప్రతి చుట్టునకును కలుగు నష్టము పదునారింతలగును. గండిపడిన బోదెకు నీరు పెట్టినట్లే.

ఇక బాట సంగతి. కణములు పోవు గొట్టములో గాలి మిగిలియున్నచో అవి గాలికి తగిలి చెదరిపోవును. కావున గాలిని దాదాపు పూర్తిగా తోడివేయవలెను. ఈ శూన్యమును కల్పించుట, కొలుచుట ఒక ప్రత్యేక శాస్త్రము. భీమవరము చెంతనున్న గొరగనమూడిలో 1896లో భూపతిరాజువారి యింట జన్మించి, సన్యసించి, పిమ్మట భౌతికశాస్త్రమును అభ్యసించిన స్వామి జ్ఞానానందులవారు ఈ విషయముననే ఆంగ్లమున ఒక గ్రంథము రచించిరి. అది 1947లో న్యూయార్కున అచ్చయినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పరమాణుకేంద్ర శాస్త్రశాఖకు పాదుకొల్పినవారును వారే.

రెండవది చలి. అంతటి అయస్కాంతబలమునకు వలయు విద్యుత్తును మామూలు తీగెలలో పంపినచో అవి కాలిపోవును. కొన్ని లోహములు మిక్కిలి చల్లబడినపుడు విద్యుత్తును అడ్డు లేక పోనిచ్చును. అందుచే జెనీవా యంత్రములో ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, సుమారు 35 టన్నుల బరువు గల 1,232 వంపు అయస్కాంతములను ద్రవ హీలియముతో సున్నకు దిగువ 271 డిగ్రీలవరకు చల్లార్తురు.

మూడవది అమరిక. ఆ బరువులను వెండ్రుకవాసి తేడా లేకుండ నిలుపవలెను. అందులకు వలసిన ఆధారపీఠములను, సుమారు ఏడువేలు, మన దేశమే సమకూర్చినది. ఇండోరులోని శాస్త్రజ్ఞులు వానిని రూపొందించిరి. ఇంతటితో చిక్కు తీరలేదు. చంద్రుని ఆకర్షణచే బందరు సముద్రమునకు పోటుపాటులు కలిగినట్లే గట్టినేలకును స్వల్పముగా కలుగును. అదే సొరంగములో 1989 మొదలు 2000 వరకు నడచిన ఎలక్ట్రాను యంత్రపు చుట్టుకొలత అందుచే సుమారు ఒక మిల్లీమీటరు పెరిగి తరిగెడిది. దానినిసైతము లెక్కింపవలసివచ్చెను.

గట్టు ఎంత ఎత్తుగా పోసినను ఒక్క ఎండ్రకాయ బొరియ చాలును గండి పడుటకు. 2008 సెప్టెంబరు 10న జెనీవా యంత్రమును నడిపిరి. 19వ తేదీన రెండు అయస్కాంతముల నడుమ తీగె అతుకొకటి చెడి, హీలియము వెల్లువవలె వెలువడినది. 53 అయస్కాంతములను పైకి తీసి బాగుచేయుటో, మార్చుటో చేయవలసివచ్చెను. యంత్రము తిరిగి నడచుటకు 2009 నవంబరు వచ్చెను. పిమ్మట 2013, 2014 సంవత్సరములలో పదివేలకు పైగా అతుకులను బలపరచిరి. లోపము లెక్కలో లేదు, సిద్ధాంతములో లేదు, అతుకులో నున్నది.

ముందు కట్టదలచిన యంత్రములను గూర్చి రెండు మతములు కలవు. 91 కిలోమీటర్ల వలయము కావలెనని కొందరు. మలుపే లేని తిన్నని బాట మేలని కొందరు. తిన్నని బాటలో మలుపువలని నష్టముండదు. కాని జెనీవా వలయములో కణము సెకనునకు 11,245 మార్లు తిరిగివచ్చును. తిన్నని బాటలో ఒక్కమారే పోవును. ఆ ఒక్క పోకలో గురి తప్పకుండుటకై ధారను మిల్లీమీటరులో లక్షవ వంతునకు లోపుగా సన్నగిల్ల జేయవలెను. రెండును సులభములు కావు.

ఇంత వ్యయమునకు ఫలమేమని పెద్దలు అడుగుట న్యాయమే. 2012 జులై 4న ప్రకటింపబడిన హిగ్స్ కణమువలన ఏ పొలమునను బస్తా ధాన్యము హెచ్చలేదు; పదార్థమును గూర్చిన మన జ్ఞానము హెచ్చినది. అయితే కణములను పరుగెత్తించు ఈ విద్యయే, చిన్న యంత్రముల రూపమున, మన రాష్ట్రపు క్యాన్సరు వైద్యశాలలలో వ్రణములను మాడ్చు కిరణములను పుట్టించుచున్నది. ఆ వైద్యము పొందినవారు మీ గ్రామములందును ఉండవచ్చును.

కావున రేపు ఎచ్చటనైనను ఇట్టి మహాయంత్రమును కట్టుచున్నారని వినినచో, దాని పొడవును మాత్రమే అడుగకుడు. కాలువకు నీరు వదలకముందు గట్టు వెంబడి నడచి చూచు రైతువలె, అతుకులన్నియు పరీక్షించిరా యని అడుగుడు. ఆ ప్రశ్నయే ముఖ్యమైనది. సెలవు.