బండికి స్పీకర్ పెట్టేముందు

(మొన్న సెలవు నాడు రాత్రి క్యాంపు మెస్‌లో రైడర్ తమ్ముళ్ళతో ఒక అన్న మాట్లాడిన మాటలు ఇవి. డ్యూటీలో ఉండి రాలేకపోయినవాళ్ళ కోసం రాసి పెడుతున్నాం.)



నేను దుబాయికి ఎలక్ట్రీషియన్ వీసా మీద వచ్చిన. నాలుగేండ్ల నుంచి డెలివరీ బండి నడుపుతున్న. అందుకే నన్ను మాట్లాడమన్నరు. ఇంకో కారణం కూడా ఉంది. ఈ స్పీకర్ పనిలో మన క్యాంపులో మొదట దెబ్బ తిన్నది నేనే.

బండి ఎక్కిన కొత్తలో 60 దిర్హాలకు ఒక సెట్ కొన్న. డబ్బా మీద 600 వాట్స్ అని పెద్ద అక్షరాలు. హెడ్‌లైట్ వైరు తోలు గీకి, దానికి చుట్టి, టేప్ వేసిన. పది రోజులు మంచిగనే మోగింది. పదకొండో రోజు రాత్రి పెద్ద రోడ్డు మీద పోతుంటే పాట ఆగింది, దాంతోపాటే లైటూ ఆరిపోయింది. వెనకాల ట్రక్కు. పక్కకు తీసి ఆపేసరికి కాళ్ళు వణుకుతున్నయి. బండి కంపెనీది. కాలిన వైరింగ్ ఖర్చు జీతంలో కట్ అయింది. ఎవర్ని అనాలె? ఎలక్ట్రీషియన్ని అని చెప్పుకుంటూ టేప్ చుట్టింది నేనే.

ముందుగాల ఆ 600 వాట్స్ సంగతి చూద్దాం. మన బండి బ్యాటరీ 12 వోల్టులు. 600ను 12తో భాగిస్తే 50 ఆంప్స్. చిన్న బండ్లలో ఉండేది 5 ఏహెచ్ అటు ఇటు బ్యాటరీ. నిజంగా 50 ఆంప్స్ గుంజితే లెక్క ప్రకారం 6 నిమిషాలు కూడా రాదు. మరి పది రోజులు ఎట్ల మోగింది? అది 600 వాట్స్ కాదు కాబట్టి. డబ్బా మీద పెద్ద అంకె చూడకండి. ఆర్ఎంఎస్ అని చిన్నగ రాసి ఉంటది, అది చూడండి. అది రాయని డబ్బా పక్కన పెట్టండి. ఒక్కోటి 15, 20 వాట్స్ ఆర్ఎంఎస్ ఉన్న జత మనకు ఎక్కువే. ఎంత పెద్దది పెట్టినా స్పీడు పెరిగితే గాలి చప్పుడే గెలుస్తది. అయినా మనకు కావల్సింది మ్యాపు గొంతు వినబడుడు. పాటలు తర్వాత.

రెండోది, దుమ్ము. వాటర్‌ప్రూఫ్ అంటే చాలు అనుకుంటం. ఐపీ అని రాసి పక్కన రెండు అంకెలు ఉంటయి. మొదటిది దుమ్ముకు, రెండోది నీళ్ళకు. ఐపీ65 అంటే రెండూ చూసిన్రన్నట్టు. ఐపీఎక్స్5 అని ఉంటే నీళ్ళకే పరీక్ష చేసిన్రు, దుమ్ము సంగతి అందులో చెప్పలేదు. ఈ దేశంలో వాన ఎన్ని రోజులు, ఇసుక గాలి ఎన్ని రోజులు? మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు అసలు మాట. బండి కంపెనీదైతే వైరు ముట్టకండి. సూపర్‌వైజర్ నోటితో సరే అన్నా సరే, ఫోన్‌లో మెసేజ్ వచ్చేదాకా ఆగండి. రేపు ఏదన్నా అయితే నోటిమాటకు సాక్షి ఉండడు. అటువంటి తమ్ముళ్ళకు హ్యాండిల్‌కు బిగించే చిన్న ఛార్జింగ్ బ్లూటూత్ స్పీకర్ చాలు, 5 వాట్స్‌ది. కాని దాంట్ల ఉండేది లిథియం బ్యాటరీ. జూలైల మధ్యాహ్నం హోటల్ బయట ఎండలో బండి మీద వదిలేసి పోకండి, ఉబ్బుతది. తీసి జేబులో వేసుకొని లోపలికి పోండి. ఎండలో ఛార్జింగ్ అసలు వద్దు. 45 డిగ్రీలు దాటితే ఆ బ్యాటరీకి ఛార్జింగ్ మంచిది కాదు. రాత్రి రూముల, మీ కండ్ల ముందు పెట్టుకోండి.

సొంత బండి ఉన్నోళ్ళు వైరింగ్ చేసుకోవచ్చు. ముందు బ్యాటరీ మైనస్ విప్పాలె, పని అయినంక అదే చివర బిగించాలె. ప్లస్ నుంచి వచ్చే వైరుకు, బ్యాటరీకి జానెడు దూరం లోపలే ఫ్యూజు పెట్టాలె. 20, 20 వాట్స్ జతకు ఫుల్ సౌండ్‌లో 4 ఆంప్స్ దాకా పోతది, 5 ఆంప్స్ ఫ్యూజు సరిపోతది. మాటిమాటికి పోతుందని 15ది వేసేవాళ్ళున్నరు. అప్పుడు ఫ్యూజు బదులు వైరు కాలుతది. నేరుగా బ్యాటరీకి కలిపి వదిలేస్తే బ్లూటూత్ రాత్రంతా కరెంటు తాగుతది, పొద్దున సెల్ఫ్ కొట్టదు. అందుకే రిలే పెట్టండి. దాని కాళ్ళ మీద అంకెలుంటయి. 30కి ఫ్యూజు నుంచి వచ్చే ప్లస్, 87 నుంచి స్పీకర్‌కు, 86కు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు, 85 మైనస్‌కు. అంతే. వైరు ఒక ఎంఎం రాగిది తీసుకోండి. గీకి చుట్టుడు వద్దు, క్రింప్ చేసి స్లీవ్ వేయండి.

బిగించినంక హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూడండి. వైరు గుంజుకుంటే ఇంకాస్త వదులు ఇవ్వండి. స్పీకర్‌ను ఫోన్ హోల్డర్ పక్కనే పెట్టకండి. దాంట్ల అయస్కాంతం ఉంటది, ఫోన్ దిక్సూచి తప్పు చూపిస్తది. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు బాణం ఉల్టా తిరిగి, నేను రెండుసార్లు తప్పు ఎగ్జిట్ తీసుకున్న. ఆర్డర్ చల్లారింది, రేటింగ్ పోయింది.

ఫైన్ సంగతి కూడా వినండి. 2017ల వచ్చిన ఫెడరల్ ట్రాఫిక్ జరిమానాల పట్టికలో, హారన్‌తో గాని మ్యూజిక్‌తో గాని ఇతరులను ఇబ్బంది పెడితే 400 దిర్హాలు, 4 బ్లాక్ పాయింట్లు అని ఉంది. 24 పాయింట్లకు లైసెన్స్ ఆగుతది. బిల్డింగుల మధ్యకు రాంగనే సౌండ్ తగ్గించండి. బటన్ బొటనవేలికి అందేటట్టు పెట్టుకోండి, నడుస్తుంటే ఫోన్ ముట్టే పని ఉండొద్దు.

ఒక తమ్ముడు అడిగిండు, "అన్నా, ఇంత లొల్లి ఎందుకు, రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే అయిపోతది కదా" అని. తమ్మీ, వెనక ట్రక్కు హారన్ నీకెట్ల వినబడుతది? హెల్మెట్ స్పీకరైనా పర్వాలేదు, పల్చగ చెవి దగ్గర గుంటలో కూర్చుంటది. కాని దాని కోసం లోపలి థర్మకోల్ కోయొద్దు, కోస్తే ఆ హెల్మెట్ దెబ్బ ఆపదు.

క్రింప్ ప్లయర్, మల్టీమీటర్ నా దగ్గర ఉన్నయి. సొంత బండి ఉన్నోళ్ళు వచ్చే సెలవు నాడు సాయంత్రం పార్కింగ్ దగ్గరికి సామాన్లు తెచ్చుకోండి, కలిసి బిగిద్దాం. కంపెనీ బండి వాళ్ళు మెసేజ్ చూపిస్తేనే ప్లయర్ తీస్త.