ఊపిరి కొరకు పైకి వచ్చుట

ధ్యానభాగము: యోనా గ్రంథము 2వ అధ్యాయము

ఈనాటి మన ధ్యానాంశము ఒక చిన్న పిల్లవాడు అడిగిన ప్రశ్నలో నుండి పుట్టినది.

నేను పరిచర్య చేయుచున్న డోంగ్లి గ్రామము బాన్సువాడ డివిజనులో, మహారాష్ట్ర సరిహద్దు దగ్గర ఉన్నది. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. మా సండేస్కూలు పిల్లల్లో సముద్రం చూసినవారు ఒక్కరూ లేరు. ఒక ఆదివారం వారికి యోనా కథ చెప్పి, ఏమైనా అడుగుతారా అన్నాను. వెనుక వరుసలో ఒకడు లేచి, "అయ్యగారూ, చేప కడుపుల యోనాకు గాలి ఎట్ల అందింది?" అన్నాడు.

సెమినరీలో హెబ్రీ, గ్రీకు భాషలు చదువుకున్నవాడిని. యోనా గ్రంథములోని హెబ్రీ మాటకు 'గొప్ప చేప' అని అర్థమనీ, మత్తయి 12వ అధ్యాయములో మన తెలుగు బైబిలు 'తిమింగిలము' అన్నచోట గ్రీకులో ఉన్న 'కేటోస్' ఏ పెద్ద సముద్రజీవికైనా చెల్లుతుందనీ చెప్పగలను. కాని వాడు అడిగింది అది కాదు గదా! "అది దేవుని కార్యం బిడ్డా, ఎట్లనో గ్రంథంలో రాసిలేదు" అన్నాను. వాడు కూర్చోలేదు. "మరి తిమింగలానికి గాలి ఎట్ల అందుతది?"

దీనికి జవాబున్నది. ఆ వారమంతా చదివి వాడికి చెప్పినదే మీకూ చెప్పుచున్నాను.

మీలో మంజీర ఒడ్డున, చెరువు గట్టున బ్రతికేవారికి కొర్రమట్ట తెలుసు. అది చేపే, మొప్పలున్నాయి. అయినా ఆ మొప్పలు దానికి చాలవు. మధ్య మధ్య పైకి వచ్చి నోటితో గాలి అందుకొని మళ్ళీ దిగుతుంది. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్ళలోనే చస్తుంది. ఈ మాట చెప్పగానే పిల్లలకు సగం అర్థమైంది. మా ఊరి పిల్లలు తిమింగలాన్ని చూడలేదు గాని కొర్రమట్టను చూశారు.

తిమింగలానికైతే మొప్పలే లేవు. అది చేప కాదు. మనవలె వెచ్చని రక్తము, ఊపిరితిత్తులు గలది. పిల్లను కని పాలిచ్చి పెంచుతుంది. దాని ముక్కు తల పైభాగాన ఉంటుంది. కొన్ని జాతులకు ఒక రంధ్రం, కొన్నిటికి రెండు. పైకి రాగానే పిచికారీ వలె లేచేది నీళ్ళని చాలామంది అనుకుంటారు. అది లోపలి నుండి వెడలిన వెచ్చని, తేమగల ఊపిరి. మనం మామూలుగా ఒకసారి శ్వాసిస్తే ఊపిరితిత్తుల్లోని గాలిలో 10 నుండి 15 శాతమే మారుతుంది. తిమింగలం ఒక్క శ్వాసలో 80 నుండి 90 శాతం వరకు మార్చుకుంటుంది. అలా అందుకున్న ప్రాణవాయువును రక్తములోను, కండరాలలోను దాచుకొని దిగుతుంది. లోతులో నీటి ఒత్తిడికి దాని ఊపిరితిత్తులు ముడుచుకొనిపోతాయి. అలా ముడుచుకొనుటకు తగినట్టే అవి ఉన్నాయి. గుండె నెమ్మదిస్తుంది. 2019లో ప్రచురించిన ఒక పరిశోధనలో, కాలిఫోర్నియా తీరాన ఒక నీలి తిమింగలం గుండె లోతులో ఉన్నప్పుడు నిమిషానికి 2 సార్లు మాత్రమే కొట్టుకున్న క్షణాలు కూడా నమోదైనవి. క్యూవియర్ తిమింగలము అనే జాతిలో ఒకటి ఒక్క ఊపిరితో 3 గంటల 42 నిమిషాలు నీటిలో ఉన్నట్టు 2020లో తెలియజేశారు.

ఇవి మొదట నేలమీద తిరిగిన జంతువుల సంతతి అని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మన దేశములో కచ్ ప్రాంతాన దొరికిన ప్రాచీన ఎముకలనూ చూపుదురు. ఆ వాదములోనికి నేను ఈరోజు పోను. నన్ను ఆపివేసిన సంగతి వేరొకటి.

మనం నిద్రపోయినా ఊపిరి ఆడుతూనే ఉంటుంది. మనం తలచనక్కరలేదు. తిమింగలానికి, డాల్ఫిన్‌కు అలా కాదు. పైకి రావాలి, ముక్కు తెరవాలి, మళ్ళీ మూయాలి. ప్రతి ఊపిరీ తెలిసి తీసుకునేదే. అందుకే డాల్ఫిన్ నిద్రపోయినప్పుడు మెదడులో ఒక సగమే నిద్రిస్తుంది, మిగిలిన సగం మెలకువగా ఉంటుంది. నీటిలో పుట్టిన పిల్ల తన మొదటి ఊపిరికి పైకి చేరాలి. తల్లి దానికి సాయపడుతుంది. జబ్బుపడి పైకి తేలలేని తోటిదానిని డాల్ఫిన్‌లు రెండు ప్రక్కల నుండి ఎత్తిపట్టి, ముక్కు నీటి పైన ఉంచడం చూచినవారున్నారు.

ఒడ్డున పడితే గాలికి కొదువ లేదు గదా, బ్రతకాలి గదా అంటారేమో. బ్రతకదు. నీరు మోసిన ఆ శరీర భారమే నేలమీద దాని ఊపిరితిత్తులను నొక్కివేస్తుంది. చలికి కాపుగా ఉన్న కొవ్వే లోపలి వేడిని వెళ్ళనివ్వదు. 2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరానికి ఒక వేల్ షార్క్ కొట్టుకువస్తే అటవీశాఖవారు, జాలర్లు కలిసి నీటిలోనికి త్రోశారు, ఈదుకుంటూ పోయింది. పేరులో వేల్ ఉన్నా అది చేపే. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరాన సుమారు 25 అడుగుల తిమింగలం చచ్చి ఒడ్డుకు చేరితే జనం గుంపులుగా చూడబోయారు. అంతకుముందు 2016 జనవరిలో తమిళనాడులోని మనపాడు తీరానికి 80కి పైగా తిమింగలాలు గుంపుగా వచ్చిపడ్డాయి. జాలర్లు రాత్రంతా వాటిని నీటిలోనికి లాగినా కొన్ని తిరిగి ఒడ్డుకే వచ్చాయి. గుంపును విడిచి పోలేని ప్రాణులవి.

ప్రియులారా, ఇంతవరకు చదివినది చెప్పాను. ఇక నాకు జరిగినది చెప్పాలి.

2021 మే నెలలో, కరోనా రెండవసారి వచ్చినప్పుడు, ఆక్సిజన్ 82కు పడిపోయి నేను ఒక ఆసుపత్రిలో బోర్లా పడుకొని ఉన్నాను. జీవితములో మొదటిసారి ఒక్కొక్క ఊపిరిని తెలిసి తీసుకున్నాను. నిద్రపోతే ఊపిరి మరిచిపోతానేమోనని భయం. ఇరవై ఏండ్లుగా ఇతరులకు ప్రార్థన నేర్పిన నేను ఆ మూడు రాత్రులు ఒక్క వాక్యం ప్రార్థించలేకపోయాను. 'ప్రభువా' అని మొదలుపెడితే దగ్గు వచ్చేది. సిగ్గుతో ఈ సంగతి చాలాకాలం ఏ ప్రసంగములోను చెప్పలేదు.

రెండవ రాత్రి నా భార్య ఫోను నా చెవి దగ్గర పెట్టింది. అవతల మా సంఘములోని ఒక అవ్వ. చదువు రానిది, పత్తి చేలలో కూలికి పోయేది. వందనం చెప్పలేదు, ఎట్లున్నారని అడుగలేదు. "యేసయ్యా, మా అయ్యగారికి ఇంకొక్క దమ్ము ఇయ్యి" అన్నది. కొంచెం ఆగింది. "ఇంకొక్కటి ఇయ్యి" అన్నది. అలా ఎంతసేపో. ఆమె అడుగుతూ ఉంటే నేను పీల్చుచూ ఉన్నాను.

ప్రక్క మంచంలో నా వయసువాడే ఒకాయన ఉండెను. ఆయన కొరకు కూడా ఇంట్లో అందరూ మొక్కుచున్నారని ఆయన భార్య చెప్పింది. తెల్లవారేసరికి ఆయన లేడు. ఎందుకో నాకు తెలియదు. తెలిసినట్టు మీకు చెప్పను.

యోనా 2వ అధ్యాయము మీ ఇంట్లో తెరచి చదవండి. నీళ్ళు ప్రాణం మీదికి వచ్చినవి, నాచు తలకు చుట్టుకున్నది, పర్వతాల మొదళ్ళ వరకు దిగిపోయినాడు. అక్కడ నుండి అతడు ప్రార్థించాడు. నేను ప్రార్థించలేకపోయాను గనుక ఈ అధ్యాయం నన్ను చాలాకాలం బాధపెట్టింది. తరువాత తల్లి తిమింగలము సంగతి చదివినప్పుడు ఆ అవ్వ గొంతు మళ్ళీ వినబడింది.

ఆ అవ్వ ఇప్పుడు మంచం పట్టింది. ఆయాసం. నిన్న సాయంత్రం వెళ్ళాను. "ప్రార్థన నోటికి వస్తలేదు అయ్యగారూ" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. నేను బైబిలు తెరువలేదు. ఆమె చెవి దగ్గర వంగి, "యేసయ్యా, మా అవ్వకు ఇంకొక్క దమ్ము ఇయ్యి" అన్నాను. ఆమె పీల్చింది. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.

ఆమె పేరు మీకు చెప్పడం లేదు. ఈ రాత్రి మీ కుటుంబ ప్రార్థనలో 'డోంగ్లిలో ఒక అవ్వ' అంటే ప్రభువుకు తెలుస్తుంది.