ఆ క్లాసులో పాఠం చెప్పేది ఎవరు?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని "యువత, విద్యావకాశాలు" మీద మాట్లాడమన్నారు. పోయిన ఏడూ అదే మాట్లాడాం. డీఎస్సీ, పోలీసు, నర్సింగ్, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ అని చెప్పుకుంటూ పోయాం. మీరు చప్పట్లు కొట్టి భోజనాలకు లేచారు. ఈసారి వేరే సంగతి చెబుతాం. యూనివర్సిటీల్లో జర్నలిజం పాఠాలు చెప్పే సార్లు, మేడంలు ఎక్కడి నుంచి వచ్చారు, ఏం చదివి వచ్చారు అనే సంగతి. మనకెందుకు ఇది అని మీకు అనిపించొచ్చు. నాలుగేళ్ల కింద మాకూ అలాగే అనిపించింది. అందుకే ఒక తప్పు చేశాం.

మేము అంటే ఈ చుట్టుపక్కల హాస్టళ్లు చూసుకునే ఐదారుగురు వార్డెన్లం. అందరం టీటీసీనో బీఈడీనో చేసి, డీఎస్సీ రాసి వచ్చినవాళ్లమే. మాకు తెలిసిన దారి అదొక్కటే. మా దగ్గర పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయి డిగ్రీ ఆఖరి ఏడు సెలవుల్లో మమ్మల్ని చూడడానికి వచ్చింది. "మేడం, జర్నలిజంలో పీజీ చేస్తా. తర్వాత యూనివర్సిటీలోనే చెప్పాలనుంది" అంది. మేము నవ్వాం. వెక్కిరించాలని కాదు, కానీ నవ్వాం. "అది పట్నం పిల్లల చదువు బిడ్డా, బీఈడీ చెయ్యి" అన్నాం. "అక్కడ చెప్పేటోళ్లు ఎవరు మేడం? వాళ్లు ఏం చదివిండ్రు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. "ఎవరో పెద్దోళ్లు" అన్నాం. ఆ అమ్మాయి బీఈడీయే చేసింది.

మరుసటి వానాకాలం ఇంకొకటి జరిగింది. హాస్టల్లో ముగ్గురు పిల్లలకు జ్వరం వచ్చింది. ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్లాం, రక్తపరీక్ష చేయించాం, మందులు మొదలయ్యాయి. ఒక పిల్ల నాయనమ్మ ఊరి నుంచి వచ్చి మనవరాలి చేతికి దారం కట్టింది. రెండో రోజు పేపర్లో ఆ పిల్ల ముఖం, దారం కట్టిన చెయ్యి ఫోటోలో వచ్చాయి. పైన మూఢనమ్మకాల గురించి శీర్షిక. ఆసుపత్రి మాట ఎక్కడా లేదు. పిల్ల తండ్రి ఆ పేపరు చేత్తో పట్టుకుని మా ఆఫీసు గదిలో నిలబడ్డాడు. ఆయనకు చదవడం రాదు, ఫోటో మాత్రం తెలుస్తుంది కదా.

రాసిన అబ్బాయిని పిలిపించాం. చిన్నవాడు, మర్యాదగానే మాట్లాడాడు. జర్నలిజంలో పీజీ చేశానన్నాడు. "మాకు క్లాసులో మీ వాళ్ల గురించి ఇట్ల ఎవరూ చెప్పలేదు మేడం" అన్నాడు. ఆ మాటతో మాకు కోపం పోయింది, భయం పట్టుకుంది. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. అక్కడ చెప్పేవాళ్లు ఎవరు?

అప్పటి నుంచి వెతికాం, అడిగాం, చదివాం. తెలుసుకున్నంత చెబుతాం.

ప్రపంచంలో తొలి జర్నలిజం స్కూలుగా చెప్పేది అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయానిది, 1908లో మొదలైంది. దాని మొదటి డీన్ వాల్టర్ విలియమ్స్. ఆయన కాలేజీ గడప తొక్కలేదు. కుర్రాడిగా ప్రింటింగ్ ప్రెస్సులో పనికి చేరి, అక్షరాలు పేర్చి, అక్కడి నుంచి సంపాదకుడైన మనిషి. చివరికి అదే యూనివర్సిటీకి అధ్యక్షుడయ్యాడు. ఇది చదివినప్పుడు మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "పెద్దోళ్లు" అని మేము చెప్పింది ఇలాంటివాళ్ల గురించే మరి.

మన దేశంలో 1938లో అలీగఢ్ విశ్వవిద్యాలయంలో ఒక కోర్సు పెట్టారు కానీ అది నిలవలేదు. నిలిచింది 1941లో లాహోర్‌లో పంజాబ్ విశ్వవిద్యాలయం పెట్టిన విభాగం. దాన్ని మొదలుపెట్టిన పి.పి. సింగ్ విదేశంలో చదివి, పత్రికలో పనిచేసి వచ్చినవాడు. దేశ విభజనతో ఆ విభాగం ఢిల్లీకి, తర్వాత చండీగఢ్‌కు మారింది. మైసూరులో ఈ చదువును నిలబెట్టిన నాడిగ కృష్ణమూర్తి కూడా మిస్సోరీలో చదివొచ్చినవాడే. మన హైదరాబాదులో ఉస్మానియా జర్నలిజం విభాగం 1954లో మొదలైంది. అప్పుడు దానికి నాయకత్వం వహించింది డి ఫారెస్ట్ ఓడెల్ అనే అమెరికన్ ప్రొఫెసర్. మొదటి తరం సార్లు అంటే ఇదీ: పత్రికల్లో పనిచేసినవాళ్లు, లేదా అమెరికా వెళ్లగలిగినవాళ్లు.

అదే కాలంలో మనం ఎక్కడున్నాం? 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణం వదిలాడు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను మన గూడేలకు పంపింది. మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది. లాహోర్‌లో వార్త రాయడం నేర్పుతున్న ఆ పదేళ్లలోనే మన తొలి పంతుళ్లు పలక పట్టారు. కాబట్టి మొదటి తరంలో మనవాళ్లు లేకపోవడం ఎవరి నేరమూ కాదు. ఇప్పుడు కూడా లేకపోతేనే అడగాలి.

రెండో తరం వేరు. విభాగాలు పెరిగాయి, పీజీలు, పీహెచ్‌డీలు వచ్చాయి, అక్కడ చదివినవాళ్లే అక్కడ చెప్పడం మొదలుపెట్టారు. మీరు టీవీ చర్చల్లో చూసే కె. నాగేశ్వర్ గారు ఉస్మానియాలో జర్నలిజం ప్రొఫెసర్‌గా పాఠాలు చెప్పినవారే. పట్టభద్రుల నియోజకవర్గం నుంచి రెండుసార్లు శాసనమండలికి కూడా వెళ్లారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో వినోద్ పావురాల, కంచన్ మాలిక్ కలిసి 2007లో కమ్యూనిటీ రేడియో మీద పుస్తకం రాశారు. 2011లో అక్కడ కమ్యూనిటీ మీడియాకు యునెస్కో పీఠం వచ్చింది. మన పక్క జిల్లాల్లోనే, జహీరాబాద్ దగ్గర మాచనూరులో, దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంగం రేడియో లాంటివి వాళ్ల చదువుకు విషయం. అంటే ఊరి ఆడవాళ్ల మాట కూడా యూనివర్సిటీలో పాఠం అవుతుంది. ఈ సంగతి మాకు ధైర్యం ఇచ్చింది.

ఇప్పటి సార్లలో ఇంకో రకం కూడా ఉన్నారు. ఇంగ్లీషు సాహిత్యం, రాజనీతి శాస్త్రం, సోషియాలజీ చదివి ఇటు మళ్లినవాళ్లు. ఆకాశవాణిలో, సినిమాల్లో పనిచేసి వచ్చినవాళ్లు. తండ్రి ఎడిటర్ అయి ఉండాలని ఏ నిబంధనలోనూ లేదు.

ఒక చిన్న మాట. ఒకటో తరగతికి అ ఆ లు చెప్పాలంటే మాకు ట్రైనింగ్ కావాలి, లెసన్ ప్లాన్ రాయాలి, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. యూనివర్సిటీలో చెప్పడానికి బీఈడీ అక్కర్లేదు! సరే, అది వాళ్ల సంగతి. కానీ మాకు ట్రైనింగ్‌లో నేర్పిన ఒక సూత్రం ఉంది: తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్లాలి. కోలాం పిల్లకు తెలిసింది ఏమిటో పంతులుకు తెలియకపోతే పాఠం ఎక్కడ మొదలుపెడతాడు? ఆ విలేకరి అబ్బాయికి నాయనమ్మ కట్టిన దారం ఎందుకో చెప్పగల మనిషి అతని క్లాసులో లేడు. దారం మందుకు బదులు కాదు, నాయనమ్మ తోడు అది. ఆ ఒక్క ముక్క తెలిసిన సారు ఉండుంటే వార్త ఇంకోలా వచ్చేది.

మరి మనవాళ్లు ఎందుకు తక్కువ? ఇక్కడ కొంచెం ఓపిగ్గా వినండి, ఇది ఎవరూ చెప్పరు.

ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఒక వరుస ప్రకారం నడుస్తుంది, దాన్ని రోస్టర్ అంటారు. కేంద్ర రోస్టరులో నాలుగో పోస్టు ఓబీసీకి, ఏడోది ఎస్సీకి వస్తాయి. ఎస్టీకి మొదటి పోస్టు ఎక్కడో తెలుసా? పద్నాలుగోది. యూనివర్సిటీ మొత్తాన్ని ఒక యూనిట్‌గా లెక్కిస్తే 200 పోస్టుల్లో మనకు 15 వస్తాయి. కానీ 2018 మార్చి 5న యూజీసీ, అలహాబాద్ హైకోర్టు తీర్పును చూపి, ఒక్కో విభాగాన్నీ విడివిడిగా లెక్కించమంది. జర్నలిజం విభాగంలో సాధారణంగా ఐదారుగురు, మహా అయితే పదిమంది ఉంటారు. పద్నాలుగో కుర్చీయే లేని గదిలో పద్నాలుగో కుర్చీ నీదంటే ఏం లాభం? మెస్సులో వండింది పదమూడు మందికైతే పద్నాలుగో కంచం ఖాళీగా ఉన్నట్టే.

దేశమంతా గొడవ అయింది. 2019 మార్చి 5న బంద్ జరిగింది. రెండు రోజులకే ఆర్డినెన్సు వచ్చింది, అదే ఏడు అది చట్టం అయింది. ఇప్పుడు కేంద్ర విద్యాసంస్థల్లో సంస్థ మొత్తమే యూనిట్, ఎస్టీకి ఏడున్నర శాతం. అప్పుడు రోడ్డెక్కిన పిల్లలు, పంతుళ్లు ఎక్కడివాళ్లో మనకు తెలియదు. వాళ్లు తెరిచి పెట్టిన తలుపు మాత్రం మన ముందే ఉంది.

ఇంకో తలుపు 2022లో పెట్టారు, ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని. పదిహేనేళ్ల వృత్తి అనుభవం ఉంటే పీహెచ్‌డీ లేకపోయినా తీసుకోవచ్చు, మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించకుండా. వినడానికి బాగుంది, వాల్టర్ విలియమ్స్ కథలాగే. కానీ మాకు దాని మీద పెద్ద ఆశ లేదు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి మీడియా సంస్థలను పరిశీలిస్తే 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాల చేతిలో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. న్యూస్‌రూమ్‌లో లేనివాళ్లు న్యూస్‌రూమ్ తలుపు నుంచి ఎలా వస్తారు? మన దారి నెట్, పీహెచ్‌డీలే.

ఆ దారి మీరనుకున్నంత ఇరుకు కాదు. పీజీలో మామూలుగా 55 శాతం అడుగుతారు, మనకు 50 చాలు. నెట్ పరీక్షలో ఈ సబ్జెక్టు కోడ్ 63. మొదటి పేపరు 100 మార్కులు, రెండోది 200, మూడు గంటలు. తప్పు రాస్తే మార్కులు కోయరు. ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. తెలుగు మీడియం పిల్లలకు ఇదే అసలు అడ్డంకి, దాచిపెట్టడం లేదు. డిగ్రీ మొదటి ఏడు నుంచే రోజూ ఒక ఇంగ్లీషు పేపరు చదవాలి. మన రాష్ట్రంలో సెట్ కూడా ఉంది, అది రాస్తే మన రాష్ట్ర యూనివర్సిటీల వరకు పనికొస్తుంది. పరిశోధనకు డబ్బు లేదని ఆగొద్దు. గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏటా 750 మంది ఎస్టీ పిల్లలకు పరిశోధన ఫెలోషిప్ ఇస్తుంది. అమర్‌కంటక్ గిరిజన విశ్వవిద్యాలయంలో, విజయనగరం కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో జర్నలిజం చెబుతున్నారు. ములుగులో మన సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయం ఇప్పుడిప్పుడే నడక నేర్చుకుంటోంది, అక్కడా ఒక రోజు ఈ విభాగం రావాలి. వచ్చిన నాడు చెప్పడానికి మనవాళ్లు సిద్ధంగా ఉంటారా?

పీహెచ్‌డీకి విషయం ఏం దొరుకుతుంది అని ఒక పిల్లాడు అడిగాడు. మొన్న పెళ్లిలో కిక్రి పట్టుకుని రాత్రంతా మన గోత్రాల కథ పాడిన పర్ధాన్ తాతను ఏమనుకున్నావురా? పేపరు లేని కాలంలో ఏ ఇంటి పేరు ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ దేవుడు ఎవరికి దక్కాడో ఊరూరా మోసుకెళ్లినవాళ్లు పర్ధాన్లు, తోటీలు. తాతకు తప్పుగా పాడే హక్కు లేదు, పాడితే కూర్చున్న పెద్దలు అక్కడే ఆపి సరిచేస్తారు. ఇప్పుడు పత్రికలు దీన్నే ఫ్యాక్ట్ చెక్ అంటున్నాయి. ఆదిలాబాద్ ఆకాశవాణిలో వచ్చిన గోండి కార్యక్రమాలు, ఛత్తీస్‌గఢ్‌లో 2010 నుంచి ఫోన్లోనే వార్తలు చెప్పించిన సీజీనెట్ స్వర, ఇవన్నీ పరిశోధనకు విషయాలే. అవి రాయడానికి బయటివాళ్లకు దుబాసీ కావాలి, మీకు అక్కర్లేదు.

ఇక ఆ అమ్మాయి సంగతి. ప్రైవేటు స్కూల్లో చెబుతోంది, వేసవిలో జీతం ఉండదు. పోయిన దసరాకు మేమే వాళ్ల ఊరికి వెళ్లాం. "తప్పు చెప్పాం బిడ్డా" అన్నాం. అది సిగ్గుపడింది, వాళ్లమ్మ మాకు చాయ్ పెట్టింది. "ఇప్పుడు వయసు దాటిపాయె కద మేడం" అంది. దాటలేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత కోసం నెట్ రాయడానికి వయసు పరిమితే లేదు. జేఆర్ఎఫ్‌కు 30 ఏళ్లు, మనకు ఇంకో ఐదేళ్ల సడలింపు. దానికి ఇప్పుడు 25. పీజీ ప్రవేశ పరీక్షకు చదువుతోంది. ఈ సభకు కూడా వచ్చింది, ఎక్కడుందో మాత్రం చెప్పం, లేచి వెళ్లిపోతుంది.

ఇకపై ఆదివారం సాయంత్రాలు మా హాస్టల్ ఆఫీసు గది తెరిచే ఉంటుంది. పాత ప్రశ్నపత్రాలు, నెట్ సిలబస్ ప్రింటు తీసి పెట్టాం. ఇంగ్లీషు పేపరు కూడా తెప్పిస్తున్నాం. వచ్చేటప్పుడు కుల ధ్రువీకరణ పత్రం, డిగ్రీ మెమోలు జిరాక్సు తెచ్చుకోండి. నాలుగు దాటాక రండి, అంతకు ముందు స్టోర్ రూమ్ సరుకుల లెక్క చూసుకోవాలి.