పొరుగువారి కీర్తన



పాఠశాలలలో గాంధీ జయంతి సభలు జరిగే రోజున ఒక దృశ్యం తరచు కనిపిస్తుంది. వేదికపై నలుగురైదుగురు పిల్లలు వరుసగా నిలుస్తారు. ఒకరు గీతాశ్లోకం, ఒకరు ఖురాన్ వాక్యం, ఒకరు క్రైస్తవ కీర్తన, మరొకరు గురువాణి వినిపిస్తారు. సభ చప్పట్లు చరుస్తుంది. అయిదు నిమిషాలలో అన్ని మతాలూ పూర్తి అవుతాయి. ఉద్దేశం మంచిదే. కాని ఆ గీతం ఎవరు రచించినదో, ఏ భాషలోనిదో, దానిని ప్రాణసమానంగా భావించేవారు ఏ స్థితిలో వింటారో పాడిన పిల్లలకు తెలియదు; విన్నవారికీ తెలియదు. అది చప్పట్లు చరచదగిన సందర్భమా అని ఎవరూ ఆలోచించరు. గౌరవించాలన్న కోరిక వేరు, గౌరవించడం వేరు. ఆ రెండింటి నడుమ గల దూరమే ఈనాటి ప్రసంగ విషయం.

ఈ దూరం తెలుగువారికి అనుభవంలో ఉన్నదే. త్యాగరాజస్వామి తన జీవితంలో అధికభాగం తంజావూరు సీమలోని తిరువయ్యారులో గడిపారు. ఆయన కృతులను తెలుగు మాతృభాష కానివారెందరో భక్తితో అభ్యసించి, శిష్యులకు అందించి కాపాడారు. ఆ ఋణం తీరేది కాదు. అయినా తాళం కోసం గాయకుడు పదాన్ని విరవకూడని చోట విరిచినప్పుడు, ఒత్తక్షరం తేలిపోయినప్పుడు, తెలుగు శ్రోత మనసు చివుక్కుమంటుంది. రాగం నిర్దుష్టంగా ఉంటుంది, శ్రుతి తప్పదు. మాట విరిగిన చోట మాత్రం భావం కూడ విరుగుతుంది. శ్రోతకు కోపం రాదు. ఆ గాయకుడు ఒక్కసారి ఎవరినైనా అర్థం అడిగి ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది. అరబ్బీ ప్రార్థననో పంజాబీ శబదాన్నో తెలుగు పిల్లలు బట్టీపట్టి వల్లించినప్పుడు ఆ సంప్రదాయంలో పెరిగినవారికి కలిగే భావం ఇంతకంటె భిన్నంగా ఉండదు.

ఇతరుల కీర్తనలను ఎట్లా స్వీకరించాలి అన్న ప్రశ్నకు మన దేశంలో ముందుగా చూడవలసిన సమాధానం సిక్కుల పవిత్ర గ్రంథం. గురు అర్జున్ సంకలనం చేయగా భాయి గురుదాస్ వ్రాసిన ఆదిగ్రంథాన్ని 1604లో అమృత్‌సర్‌లోని హరిమందిరంలో ప్రతిష్ఠించారు. తరువాత గురు తేగ్ బహదూర్ రచనలు అందులో చేరాయి. ఇప్పటి ప్రతిలో 1430 పుటలు. గురువుల వాణితో పాటు కాశీలోని సాలెవాడు కబీరు, చర్మకార కులంలో జన్మించిన రవిదాసు, మహారాష్ట్రకు చెందిన దర్జీ నామదేవుడు, పంజాబు సూఫీ షేక్ ఫరీదు మొదలైన భక్తుల రచనలు అందులో ఉన్నాయి. నామదేవునివి 61 పదాలు. ఫరీదువి 4 పదాలు, 112 శ్లోకాలు.

సంఖ్యల కంటె వాటిని అమర్చిన పద్ధతి ముఖ్యం. గ్రంథంలో ఎక్కువ భాగం రాగాలను అనుసరించి విభజింపబడింది. ఆ రాగాలు 31. ప్రతి రచన పైన కర్త ఎవరో సూచింపబడి ఉంటుంది. గురువులందరూ నానక్ ముద్రతోనే రచించారు గనుక, ఎన్నవ గురువు రచనయో తెలియడానికి ‘మహలా’ అనే మాట పక్కన అంకె వేశారు. కబీరు పదం కబీరు పేరనే, రవిదాసు పదం రవిదాసు పేరనే ఉన్నాయి. పవిత్ర గ్రంథంలో చేరినంత మాత్రాన ఎవరి పేరూ చెరిగిపోలేదు. రాగం పేరు గ్రంథమే నిర్దేశించినప్పుడు ఆ శబదాన్ని వార్షికోత్సవం కోసం జనం నోట నానుతున్న సినిమా పాట వరుసలో ఇరికించడం ఎంతవరకు సబబో సంగీతం నేర్పే ఉపాధ్యాయులే చెప్పాలి.

ఫరీదు శ్లోకాల వద్ద కొంతసేపు ఆగవలసి ఉన్నది. వాటి నడుమ అక్కడక్కడ గురువుల శ్లోకాలు కనిపిస్తాయి. ఫరీదు మాటతో గురువులకు అభిప్రాయభేదం ఉన్న చోట, లేదా ఆ మాటను మరికొంత విస్తరించవలసిన చోట, వారు తమ శ్లోకాన్ని ప్రక్కన చేర్చారు. భగవంతుని కోసం దేహాన్ని తపస్సుతో దహింపజేసుకునే సంగతి ఒక శ్లోకంలో వస్తుంది. వెంటనే గురు నానక్ శ్లోకం ఉంటుంది. దేహాన్ని అట్లా బాధించనక్కరలేదని, వెదకవలసినవాడు లోపలనే ఉన్నాడని దాని సారాంశం. ఇది అభ్యంతరమే. అయితే ఫరీదు శ్లోకంలోని మాటను ఎవరూ దిద్దలేదు, తమకు నచ్చని చరణాన్ని తొలగించలేదు. ఆయన మాట ఆయనది, జవాబు జవాబు ఇచ్చినవారిది. పాఠకుడు రెండింటినీ చదువుతాడు. నాలుగు శతాబ్దాల క్రిందటి ఈ సంపాదకత్వం నేటి సంకలనకర్తలలో ఎందరికి చేతనవును?

అనువాదం వద్దకు వచ్చేసరికి చిక్కు ఇంకా పెరుగుతుంది. కబీరు పదాలలో రామనామం తరచు వినిపిస్తుంది. ఆ రాముడు దశరథుని కుమారుడు కాడు. రూపమూ అవతారమూ లేని పరతత్త్వం. భద్రాచల రామదాసు కీర్తనలతో పెరిగిన తెలుగు చెవికి రామశబ్దం సోకగానే సీతాలక్ష్మణ సమేతుడైన మూర్తి కళ్ళకు కడుతుంది. గణం కుదరక అనువాదకుడు ‘జానకీరమణ’ అని ఒక సంబోధన చేర్చాడనుకోండి. పద్యం నడక కుదురుతుంది, కబీరు మాయమవుతాడు. అట్లాగే ‘దర్వేషు’ను ‘సన్న్యాసి’ అని మార్చితే, భార్యాబిడ్డలతో ఉంటూనే ఆ మార్గంలో నడిచిన సూఫీలకు కాషాయం కట్టినట్లవుతుంది. ఫరీదు కూడ గృహస్థుడే. తెలుగులో సమానమైన మాట లేనప్పుడు మూలంలోని మాటనే ఉంచి, ఒక వాక్యం వివరణగా చేర్చడం మేలు. ధార చెడుతుందని పండితులు ఆక్షేపిస్తారు. చెడనీయండి.

అట్లాగని అనువాద గీతం పాడుకోవడానికే పనికిరాదనడం సరికాదు. ఇంగ్లీషు మతాచార్యుడు న్యూమన్ 1833లో సముద్రయానంలో ఉండగా రచించిన ‘లీడ్ కైండ్లీ లైట్’ గాంధీజీకి ప్రియమైన ప్రార్థన. గుజరాతీ కవి నరసింహరావు దివేటియా దానిని తన భాషలోనికి తెచ్చారు. జ్యోతి జ్యోతిగానే నిలిచింది, గీతం గుజరాతీ గొంతులలో ఇమిడింది. ఇందుకు భిన్నమైన పని గాంధీజీ స్వయంగా 1930లో యెరవాడ జైలులో చేశారు. భారతీయ భాషలు బాగా రాని మీరాబెన్ కోసం ఆశ్రమ భజనావళిలోని శ్లోకాలను, భజనలను ఇంగ్లీషులోనికి మార్చారు. అది పాడుకోవడానికి కాదు; పాడుతున్నది ఏమిటో తెలియడానికి.

ఆ భజనావళిని కూర్చినవారు విష్ణు దిగంబర పలుస్కర్ శిష్యులైన పండిత నారాయణ మోరేశ్వర ఖరే. ఆశ్రమ ప్రార్థన ఒక్కనాడు, ఒక్కచోట కూర్చొని తయారుచేసినది కాదు. దానిలోని భాగాలు మనుషుల వెంట వచ్చాయి. ఖురాన్‌లోని ప్రార్థనను ఆశ్రమవాసులకు శుద్ధమైన ఉచ్చారణతో నేర్పినవారు రైహానా త్యాబ్జీ. బౌద్ధ మంత్రం ఆశ్రమంలో నివసించిన జపాను భిక్షువు ద్వారా వచ్చింది. ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉన్న కాలంలో పారశీక ప్రార్థనను డాక్టర్ గిల్డర్ అందించారు. ఏ ప్రార్థన అయినా, దానిని తనదిగా భావించే ఒక మనిషి ఎదుట కూర్చొని నేర్పగా ఆశ్రమానికి అందింది. పుస్తకంలోనుంచి ఎత్తి వ్రాసుకొన్న పాటకు, గురుముఖతః నేర్చిన పాటకు గల భేదం సంగీత విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అయినా ఇంత జాగ్రత్తతో నిర్మింపబడిన ప్రార్థనకు సైతం అభ్యంతరాలు తప్పలేదు. 1947 ఆరంభంలో నవఖాలీలో రామ, రహీమ నామాలను జతచేయడం తమకు సమ్మతం కాదని కొందరు ముస్లిములు అన్నారు. దేవునికి నామాలు అనేకమని గాంధీజీ సమాధానం. ఆ సమాధానంతో ఏకీభవించనివారిని మూర్ఖులని త్రోసివేయడం తగదు. తమ ఆరాధ్యుని ఏ పేరుతో పిలవాలో చెప్పే హక్కు భక్తులకు ఉన్నది. అదే సంవత్సరం ఏప్రిల్ తొలి దినాలలో ఢిల్లీ వాల్మీకి మందిరంలో మరొక వైపు నుండి ఆక్షేపణ వచ్చింది. ఖురాన్ పఠనం ఇక్కడ కూడదని సభలో ఒకరు లేచారు. పంజాబు మంటలలో ఉన్న రోజులవి. సభలో అత్యధికులు ప్రార్థన సాగాలనే కోరారు. ఆక్షేపించినవారిని బయటకు పంపడం కష్టం కాదు. ఖురాన్ భాగాన్ని మాత్రం విడిచి తక్కినది జరపడం అంతకంటె సులభం. గాంధీజీ రెండూ చేయలేదు. ప్రార్థన మొత్తాన్నే ఆపివేశారు. ఒక అంగాన్ని తొలగిస్తే అది తన ప్రార్థన కాదు. సంఖ్యాబలంతో ఒకరి నోరు మూయించి జరిపితే అది ప్రార్థనే కాదు. ఈ విధంగా వరుసగా కొన్ని సాయంకాలాలు ప్రార్థన ఆగింది. చివరకు ఆక్షేపణ వెనుకకు తీసుకొన్న తరువాతనే, ఖురాన్ వాక్యంతో సహా, అది సాగింది.

పాఠశాలలలో ప్రార్థన సమావేశం జరిపేవారు ఈ ఘట్టాన్ని రెండు వైపులనుండీ చదువవలసి ఉన్నది. వేదిక మీదివారు ఏ గీతాన్నీ లజ్జతో దాచనక్కరలేదు. వేదిక క్రింద ఉన్న పిల్లవాడు పాడితీరాలన్న నిర్బంధమూ ఉండరాదు. రాజ్యాంగం 28వ అధికరణ మూడవ ఉపాంశం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గాని సహాయం గాని పొందిన విద్యాలయంలో మతారాధనలో పాల్గొనవలసిందిగా ఎవరినీ వారి సమ్మతి లేక నిర్బంధించరాదు. మైనరు అయితే సంరక్షకుల సమ్మతి కావాలి. సర్వమత ప్రార్థన ఆరాధన కిందికి వస్తుందా, రాదా అని వాదించుకోవచ్చు. కాని పాడే గీతం నిజంగా పవిత్రమని నమ్మినవారు అది ఆరాధన కాదని వాదించడం విడ్డూరం.

ఈ సందర్భంలో 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును విద్యార్థులు చదవాలి. కేరళలో యెహోవా సాక్షుల సంప్రదాయానికి చెందిన ముగ్గురు తోబుట్టువులు బడిలో జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు; తమ విశ్వాసం అంగీకరించదు గనుక గొంతు కలిపేవారు కారు. అందుకు వారిని బడినుండి తొలగించారు. ఆ తొలగింపు చెల్లదనీ, వారిని తిరిగి చేర్చుకోవాలనీ న్యాయస్థానం ఆదేశించింది. జాతీయగీతం మతగీతం కాదు. దాని విషయంలోనే అంత అవకాశం ఉన్నప్పుడు, మరొక మతం వారి కీర్తన విషయంలో ఎంత ఉండాలో ఊహించవచ్చు. అందువల్ల ప్రార్థనల జాబితా గోడకు అంటించడానికి ముందే ఉపాధ్యాయులు ఆ ఊరిలోని మసీదుకు, చర్చికి, గురుద్వారా ఉన్న ఊరైతే అక్కడికి ఒకసారి వెళ్ళి, దీనిని మా పిల్లలు పాడవచ్చునా, ఎట్లా పాడాలి అని అడగడం మంచిది. పాడవద్దు, వినండి చాలు అన్న జవాబు కూడ రావచ్చు. అప్పుడు ఆ పూటకు వినాలి.